వంకర కుట్టును విప్పేముందు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పుట్టబోయే బిడ్డ కోసం మా అమ్మ కట్టిన పాత నేతచీరలతో బొంత కుడుతున్నావని చదివి మనసు నిండిపోయింది. అయితే పగలంతా కుట్టిన వరుసలు వంకరగా వచ్చాయని రాత్రి దీపం కింద కూర్చుని విప్పేస్తున్నావని, ఇలాగైతే పురిటిలోగా పూర్తికాదేమోనని బెంగపడుతున్నావని తెలిసి ఊరుకోలేకపోయాను. ఏళ్ల తరబడి ఆడపిల్లలకు కుట్టు నేర్పినదాన్ని కనుక నాకు తెలిసినది చెబుతాను.

కట్టి కట్టి మెత్తబడిన చీరలో నూలు అప్పటికే అరిగి ఉంటుంది. అందులోంచి దారం లాగిన ప్రతిసారీ సూది చేసిన రంధ్రం సాగుతుంది. ఒకేచోట పదేపదే కుట్టి విప్పితే గుడ్డ చివికిపోతుంది. కంటికి నచ్చని వంకరను పోగొట్టబోయి, అతుకు వేస్తే తప్ప నిలవని చిరుగును తెచ్చిపెట్టుకుంటావు.

అలాగని అన్నింటినీ వదిలేయమని చెప్పను. చంటిబిడ్డ ఒంటికి తగిలే వస్తువు ఇది. పైకి పొడుచుకొచ్చిన ముడి, చిట్టివేలు ఇరుక్కునేంత వదులుగా ఉన్న కుట్టు, గీసుకునే జరీ, తడిస్తే రంగు దిగే ముక్క కనిపిస్తే మొహమాటపడకుండా తీసెయ్యి. భీమిలిలో మీ ఇల్లు సముద్రానికి అంత దగ్గర కనుక సూదులు ఇట్టే తుప్పు పడతాయి, వాటిని మూత బిగువుగా ఉన్న డబ్బాలో దాచు. బిడ్డకు హాని చేసేదీ, బొంతను త్వరగా పాడుచేసేదీ మాత్రమే తప్పు. ఒక కుట్టు పొడుగై పక్కది పొట్టిదైనా, వరుస నడుమ కాస్త ఒరిగినా దాన్ని ఆ లెక్కలో వేయకు.

ఈ మాట నిన్ను ఓదార్చడానికి అంటున్నది కాదు. నీ దగ్గరున్న చీరల్లో పొందూరు ఖద్దరుది ఒకటి ఉంది, దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూడు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి, చేతి రాట్నం మీద నూలు వడుకుతారు. అంత నేర్పుగల చేతుల్లోంచి వచ్చిన నూలు కూడా ఒకచోట సన్నగా, మరొకచోట కొంచెం లావుగా సాగుతుంది. ఆ చీర చూడటానికి జీవంగా, ఒంటికి హాయిగా ఉండేది అందువల్లనే. బొంత సంగతీ అంతే. బెంగాల్ ఆడవాళ్లు కూడా పాత చీరలను పొరలుగా పరిచి కాంథా కుడతారు. దారం లాగినప్పుడు గుడ్డ అక్కడక్కడా ముడుచుకుని, సన్నని అలలు లేచినట్టు కనిపించడమే దాని అందం. ఆ ముడతలు నీ బొంతలో వచ్చాయని నువ్వు రాశావు. వాటిని పోగొట్టాలని చూడకు.

నీలం అంచు చీర చెంగు దగ్గర ఒక తుప్పు మరక ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కిటికీ రెక్క ఊడి, వాననీరు గదిలోని ఇనప్పెట్టెలోకి చేరింది. ఆ చీర పెట్టె అడుగున ఉండిపోయింది. ఊరి నిండా చెట్లు కూలి, కరెంటు లేక అందరూ అల్లాడుతున్న ఆ రోజుల్లో అమ్మ దాన్ని ఉతికి దండెం మీద ఆరేసింది. మరక వదలకపోయినా అదే చీర మళ్లీ కట్టుకుంది. ఆ ముక్కను కత్తిరించి పారేయకు, లోపలి పొరలో దాచనూ వద్దు. పై పొరలోనే ఉంచి, మరక అంచు ఎటు తిరిగితే అటే ఒక కుట్టు వరుసను తిప్పు. తర్వాతి వరుసలు దాన్ని చుట్టుకుంటూ వెలుపలికి పోనీ. అది ఏమిటని బిడ్డ ఎప్పుడైనా అడిగితే తాతమ్మ గురించి చెప్పవచ్చు.

దారం అయిపోయి అదే రంగు దొరక్కపోతే పూర్ణా మార్కెట్ అంతా గాలించవద్దు. ఇంచుమించు అదే రంగు వేస్తే చూసేవాళ్లకు పొరపాటుగా తోస్తుంది. తెలుపు తర్వాత ఎరుపో పసుపో తేటగా వేస్తే, కోరి వేసినట్టే ఉంటుంది. చిరుగుకు వేసే అతుకు విషయంలోనూ నా అభిప్రాయం ఇదే: కనబడకుండా దాచడానికి కష్టపడకుండా, అంచు ముక్కనే తీసుకుని కనబడేలా కుట్టు.

ఇకమీదట రాత్రిపూట ఏ కుట్టూ విప్పకు. దీపం కింద, అలసిన కళ్లకు, ముక్కుకు ఆనించి చూసినప్పుడు చిన్న వంకర కూడా పెద్దదై కనిపిస్తుంది. తెల్లవారాక బొంతను నేల మీద పరిచి, నిలబడి చూడు. పొరలు జరగకుండా మధ్యనుంచి అంచులవైపు కచ్చాకుట్లు వేసుకున్నావో లేదో కూడా అప్పుడే సరిచూసుకో. అన్ని వరుసలూ పూర్తయ్యాక, కచ్చాకుట్లు తీసేసి, ఒకసారి నీళ్లలో జాడించి నీడన ఆరెయ్యి. తడిసి ఆరిన దారం గుడ్డలో కుదురుకున్నాక, విప్పవలసినది ఇంకా ఏదైనా కనిపిస్తే నాకు రాయి. చేతికి తీసుకుని చూసేందుకు నేనే భీమిలి వస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ