ట్రాకింగ్ టికెట్ ముందా, ప్రపోజల్ ముందా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొత్త ఫీచర్ కోసం ట్రాకింగ్ ఇష్యూ తెరిస్తే ‘ముందు ప్రపోజల్ పెట్టండి’ అని మూసేశారు. ఇంకో ప్రాజెక్టుకు ప్రపోజల్ ఫైలు పంపితే ‘ముందు ఇష్యూ తెరవండి’ అన్నారు. ఏది సరైన పద్ధతి? రెజ్యుమెలో వీటిని చూపించుకోవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: రెండుచోట్లా వాళ్లు చెప్పింది సరైనదే, ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో పద్ధతి. ‘ఇది చేద్దామా?’ అని అడిగేది ప్రపోజల్. ‘చేద్దామనుకున్నాం కదా, ఎంతవరకు వచ్చింది?’ అన్నదానికి లెక్క ట్రాకింగ్ టికెట్ (ట్రాకింగ్ ఇష్యూ అన్నా ఇదే). మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును నడిపేవాళ్లు, ఒప్పుకోకముందే టికెట్ తెరిస్తే అందులో వాదనలు పేరుకుపోతాయి, చేయాల్సిన పనుల జాబితా వాటి కింద కనబడకుండా పోతుంది.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పద్ధతి చూడండి. పెద్ద మార్పుకు ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) అనే ప్రపోజల్ పత్రాన్ని పుల్ రిక్వెస్ట్‌గా, అంటే ‘నా మార్పును ప్రాజెక్టులో కలపండి’ అనే అభ్యర్థనగా పంపాలి. చర్చ ఓ కొలిక్కి వచ్చాక, సంబంధిత టీమ్ సభ్యులు సరేనంటే, చివరి అభ్యంతరాలకు 10 రోజుల గడువిస్తారు. ఆర్‌ఎఫ్‌సీ మెర్జ్ అయ్యాకే (ప్రాజెక్టులో కలిశాకే) కోడ్ ఉండే ప్రధాన రెపోలో ట్రాకింగ్ ఇష్యూ. అందులో అమలు, డాక్యుమెంటేషన్, స్టెబిలైజేషన్‌కు (అందరి వాడకానికి ఖాయం చేయడానికి) టిక్కు గళ్లు, ఇంకా తేలని ప్రశ్నల జాబితా ఉంటాయి. బగ్గులు, వాదోపవాదాలు వేరే ఇష్యూల్లో నడవాలి. ఇక్కడికి లింకు మాత్రమే రావాలి. భాషతోపాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో చిన్న ఫంక్షన్ చేర్చడానికి సాధారణంగా ఆర్‌ఎఫ్‌సీ అక్కర్లేదు, ఏసీపీ (ఏపీఐ చేంజ్ ప్రపోజల్) అనే చిన్న ప్రతిపాదన చాలు. అది ఆమోదం పొందాక ఇష్యూ తెరిచి, దాని నంబరును కోడ్‌లో ‘అన్‌స్టేబుల్’ గుర్తు పక్కన రాస్తారు. ఆ ఫంక్షన్‌ను ఎవరైనా తొందరపడి వాడితే కంపైలర్ ఇచ్చే ఎర్రర్‌లో ఆ నంబరే కనిపిస్తుంది. తలాతోకా లేని టికెట్‌ను వాళ్లు ఎందుకు ఉండనివ్వరో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కంటెయినర్లలో నడిచే అప్లికేషన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్ కుబెర్నెటీస్‌లో వరుస తిరగబడుతుంది. కెప్ (కుబెర్నెటీస్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రపోజల్) అనే ప్రపోజల్‌కు నంబరు ఇష్యూ నుంచే వస్తుంది, ఫోల్డర్ పేరు ఆ నంబరుతోనే మొదలవుతుంది. కాబట్టి ఇష్యూ ముందు తెరవక తప్పదు. అలాగని నేరుగా వెళ్లి తెరిచేయకండి. మీ ఆలోచన ఏ ‘సిగ్’ (ఒక్కో విభాగాన్ని చూసుకునే స్పెషల్ ఇంట్రెస్ట్ గ్రూప్) బృందం పరిధిలోకి వస్తుందో చూసుకుని, వాళ్ల సమావేశంలోనో స్లాక్ చానెల్‌లోనో మద్దతు సంపాదించాలి. లేకపోతే ఆ టికెట్‌ను బాట్ అనే ఆటోమేటిక్ ప్రోగ్రామే సాగనంపుతుంది: 90 రోజులు కదలిక లేకపోతే ‘స్టేల్’ (పాతబడింది) అనే ముద్ర, మరో 30 రోజులకు ‘రాటెన్’ (కుళ్లిపోయింది), ఇంకో 30 రోజులకు క్లోజ్. ఇక్కడ చాలామంది చేసే మరో పొరపాటు, మొదటి కోడ్ మెర్జ్ కాగానే ఇష్యూ మూసేయడం. ఆల్ఫా, బీటా, స్టేబుల్ దశలన్నింటికీ అదే ఇష్యూ నడవాలి.

గో భాషలో ఈ గొడవే లేదు. ‘ప్రపోజల్’ అని శీర్షికలో రాసి ఒక ఇష్యూ తెరుస్తారు, ఆమోదిస్తే అదే ఇష్యూ అమలుకూ పనికొస్తుంది.

నియమం ఎక్కడా రాసిలేని ప్రాజెక్టయితే, ఈమధ్య ఆమోదించిన ప్రపోజల్స్ 5 తీసి, ఆమోదం తేదీని, ట్రాకింగ్ టికెట్ తెరిచిన తేదీని, తెరిచినవాళ్ల పేరును పక్కపక్కన రాసుకోండి. అరగంట పని. టికెట్లన్నీ మెయింటెయినర్లే తెరుస్తుంటే మీరు తెరవకండి, ప్రపోజల్ కింద ‘నేను తెరవనా?’ అని ఒక్క మాట అడగండి. ఒకే పుల్ రిక్వెస్ట్‌తో ముగిసే పనికి అసలు ట్రాకింగ్ టికెటే దండగ. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో మెంటార్ల కింద పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమానికి దరఖాస్తు చేస్తుంటే, ప్రాజెక్టు వేరేగా చెప్పకపోతే, ఎంపిక జాబితా వచ్చేదాకా ఆగండి. ఒకే ఆలోచనకు పదిమంది పోటీపడి పది టికెట్లు తెరిస్తే మెంటార్లకు చిరాకు.

ఇక రెజ్యుమె. తెరిచిన ఇష్యూల సంఖ్య రాయొద్దు, ఇంటర్వ్యూలో లింకు నొక్కి చూస్తే మూసేసినవే కనిపిస్తాయి. ఆమోదం పొందిన ఒక్క ప్రపోజల్, దాని ట్రాకింగ్ ఇష్యూ లింకు, అందులో మీ పేరు మీద మెర్జ్ అయిన పుల్ రిక్వెస్ట్‌లు రెండు మూడు వరుసల్లో రాస్తే చాలు. మూసేసిన ఆ మొదటి ఇష్యూ గురించి ఎవరైనా అడిగితే దాచకండి, తర్వాత ప్రపోజల్‌ను ఎలా మార్చి పంపారో చూపించండి.