పురుగును పురుగుగానే చూడు నాయనా

నాయనా,

నీ కథ చదివినా. చెయ్యి బాగుండాది, మాటలు ఎక్కడా తడబడలే, అందుకే ఉత్త మెచ్చుకోలు రాసి పంపబుద్ధి కాలేదు. నీ రైతు బతుకు పురుగు బతుకు, ఆయన పెండ్లాం దీపం చుట్టూ తిరిగే పురుగు, అప్పులోడు జలగ (అది పురుగే కాదనుకో, పోనీలే), కథ నిండా పురుగులే, ఒక్కటీ నిజం పురుగు మాత్రం కాదు. శెనక్కాయ చేను మీద ఇంత కథ రాసినావు, ఆ చేన్లో ఏ పురుగు పడిందో ఒక్క వాక్యం లేదు!

అనంతపురం పిల్లోడివి, నీకు తెలియకపోదు. తొలకరి పడినంక నెలల తరబడి భూమిలో పడుకొనుండే ప్యూపాలు (గొంగళికి రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) తడి తగిలి మేలుకుంటాయి, రెక్కల పురుగులై లేస్తాయి, వాటిని రప్పించి కాల్చడానికే రైతులు రాత్రుల్లో గట్ల మీద మంటలేసేది. గుడ్లు పెడితే వచ్చేది ఎర్ర గొంగళి, అది ఒక చేను ఆకంతా మేసి గుంపుగా పక్క చేనుకు నడుచుకుంటా పోతాది, అడ్డం కాలవ తీసి నిలబెట్టాల. మళ్ళీ భూమిలోకే పోయి పడుకుంటాది, వచ్చే వాన దాకా. రైతు, ఆ పురుగు ఇద్దరూ ఒకే వాన కోసం కాచుకొనుండారు చూడు, నీ కథ అక్కడే ఉండాది, "పురుగు బతుకు" అని ఒక్క మాట పారేసి దాన్ని దాటిపోయినావు.

పురుగును పోలికగా వాడేది మనకు పాత అలవాటే. భ్రమర కీటక న్యాయం విన్నావు కదా, కందిరీగ ఒక పురుగును పట్టుకొచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే ఆ పురుగు భయంతో అదే ధ్యానంలో ఉండి ఉండి చివరికి తానే కందిరీగ అయిపోతాదని. గురువూ శిష్యుడూ, జీవుడూ దేవుడూ, ఎన్నింటికో వాడుకున్నారు, వేదాంతానికి పనికొచ్చింది, కాదనను. కానీ గూటి లోపల జరిగేది వేరే. కందిరీగ ఆ గొంగళిని కుట్టి చంపదు, కదలకుండా మాత్రం చేస్తాది, చంపితే కుళ్ళిపోతాది కాబట్టి. గుడ్డు పెట్టిన గూట్లో దాన్ని పెట్టి మట్టితో మూసి ఎళ్ళిపోతాది. పిల్ల పుట్టి ఆ తాజా మాంసం తింటా పెరిగి రెక్కలొచ్చినంక మట్టి పగలగొట్టుకొని బయటికొస్తాది. పురుగు లోపలికి పోయింది, కందిరీగ బయటికొచ్చింది, బయట నుంచి చూసినోళ్ళు చూసింది అబద్ధం కాదు, గూడు పగలగొట్టి చూడలేదు అంతే. నన్నడిగితే వేదాంతం కన్నా ఈ నిజమే ఎక్కువ భయం పుట్టిస్తాది, ఎక్కువ అందంగానూ ఉండాది, అంత చిన్న తల్లికి సూది ఎక్కడ దించాలో ఎవురు నేర్పినారప్పా?

అందం అంటే సీతాకోకచిలుక దగ్గరే ఆగిపోవద్దు. గుత్తి అంటే మనకు కోట, రైల్వే జంక్షన్. 1899లో ఆ గుత్తిలోనే రైల్వే కట్టెల యార్డులో దొరికిన ఒక నీలం సాలీడుకు పోకాక్ అనే ఇంగ్లీషాయన శాస్త్రీయ నామం పెట్టినాడు, ఆ తర్వాత నూరేండ్లకు పైగా అది ఎవురికీ కనపడలే, 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్ళీ చూసినారు. ఆ నీలం రంగు పూసుకున్న రంగు కాదు, ఒంటి మీది సన్న వెంట్రుకల అమరిక మీద వెలుగు పడి పుట్టే రంగు. ఏ దేశంలోనో సాలీళ్ళు పెంచుకునేవాడికి గుత్తి పేరు తెలుసు, గుత్తి బస్టాండులో అడిగితే ఎంతమందికి తెలుసో మరి. సాలీడు కీటకం కాదు, ఎనిమిది కాళ్ళు, తొలి వానలకు ఎర్ర మఖమల్ గుడ్డ ముక్క మాదిరి పాకే ఆరుద్ర పురుగు కూడా దాని చుట్టమే, నీ సైన్సు సారు ఎత్తిచూపకముందే నేనే చెప్పేస్తాండా.

ధర్మవరం చీర మీద ఎవురైనా రాస్తారు, నువ్వు ఆ పురుగు మీద రాయి. హిందూపురం పక్క పల్లెల్లో పట్టుపురుగులు పెంచే షెడ్డులోకి పో, చివరి దశలో అవి మల్బరీ ఆకు తింటాంటే గదంతా చప్పుడు. ఒక్కో గూటి దారం సాగదీస్తే కిలోమీటరు దాకా వస్తాది, తెగకుండా. వేల ఏండ్లుగా మనిషి పెంచీ పెంచీ ఆ రెక్కల పురుగుకు ఎగరడం చాతకాకుండా పోయింది, నోరున్నా తినదు, జత కట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతాది, అదీ గూట్లో ఉడకబెట్టకుండా వదిలితేనే. జాలిపడమని చెప్పట్లేదు, జాలి నీ కథలో ఇప్పటికే ఎక్కువైంది.

ఇంగొకటి. చదివింది వాడేటప్పుడు దాన్ని దాని ఊర్లోనే ఉంచు. 2013లో శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలో పేడపురుగుల తలకు చిన్న చిన్న టోపీలు పెట్టినారు, ఆకాశం కనపడకపోయేసరికి పేడ ఉండ దొర్లించుకుంటా అడ్డదిడ్డంగా తిరిగినాయి, ఆకాశం కనపడితే చందమామ లేకపోయినా పాలపుంత వెలుగును బట్టి నేరుగా పోయినాయి. ఎంత బాగుండాదో కదా! బాగుండాదని మన ఊరి పేడపురుగుకు తగిలించి రాసినావో, నేను ఒప్పుకోను. మన పురుగును మనం చూసి రాయాల, చూడకపోతే రాయకూడదు.

చూడటానికి పెద్ద సామాను ఏమీ వద్దు. వాన పడిన మర్నాడు రాత్రి మిద్దె మీద తెల్ల పంచె కట్టి ముందు బల్బు పెట్టు, పక్కింటి లైట్లు ఆరేదాకా ఆగు. వచ్చినవాటి పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, కాళ్ళెన్ని, వాలినాక రెక్కలు ముడిచిందా పరిచిందా, ఎంతసేపు కదలకుండా ఉండింది, ఇదంతా రాసుకో, ఉపమానం ఒక్కటీ వద్దు. సెల్లులో ఫోటో తీసినా ముందు కండ్లతో చూసినాకే తీయి. వెంట్రుకల గొంగళిని చేత్తో ముట్టుకోవద్దు, దద్దుర్లొస్తాయి. పంచె మరకలైందని మీ నాయన అరిస్తే నా పేరు చెప్పు, ఆయనతో నేను మాట్లాడుకుంటా.

ఉంటా మరి.