ఆ పిల్లను పొగడకు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. తొమ్మిదేళ్ల పిల్ల తాగి పడిపోయిన తండ్రి బూట్లు విప్పి, మంచం దిగని తల్లికి మాత్రలిచ్చి, తమ్ముడిని బడికి తయారుచేసిన పేజీ బాగుంది. ఆ వెంటనే ఆమెను 'ఇంటి దీపం' అన్నావు. అది చదివి నాకు కోపం వచ్చింది.

ఆ పిల్లను పొగడకు. చుట్టాలూ టీచర్లూ ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. 'వయసుకు మించిన బుద్ధి' అని మెచ్చుకుని, ఆమె కోసం ఏమీ చేయకుండానే వెళ్లిపోతారు. అలా అనిపించుకున్న పిల్ల తనకు అలసటగా ఉందని ఇంకెవరితో చెప్పుకుంటుంది? రాసేదానివి నువ్వు కూడా చుట్టంలా మాట్లాడితే ఎలా?

ఇంకొకటి. పెద్దలు తమ బాల్యంలో దొరకని ఆసరాను పిల్లల దగ్గర వెతుక్కోవడం గురించి కుటుంబ చికిత్స నిపుణులు బోజోర్మెనీ-నాజ్, జెరాల్డిన్ స్పార్క్ 1973లోనే రాశారు. ఇంటి పని మోయడం వేరు, పెద్దల మనసు మోయడం వేరు అని తర్వాతి పరిశోధకులు విడదీసి చూశారు. నువ్వు మొదటిదే రాశావు. రాత్రిపూట తల్లి భర్త మీది కసినంతా కూతురి చెవిలో పోస్తుందని ఒక్క వాక్యంలో చెప్పి పరుగెత్తావు. నీ కథ అక్కడుంది. అది విన్న పిల్ల మర్నాడు తండ్రి ముఖం ఎలా చూసింది? ఆయన మీద ప్రేమను ఎక్కడ దాచుకుంది?

నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. గడియ తీసే చప్పుడును బట్టి నాన్న ఆ రాత్రి ఎలా ఉంటాడో తెలిసిపోయేది. చెల్లెలిని ముందే పక్క గదిలో పడుకోబెట్టేదాన్ని. కొన్నేళ్లకు నాన్న తాగుడు మానేశాడు, అమ్మ డబ్బు లెక్కలు మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు నాకు ఊరట కలగలేదు, ఒళ్లు మండింది. బడి కాగితం మీద సంతకం కోసం చెల్లెలు నన్ను దాటి అమ్మ దగ్గరికి వెళ్లిందని దానితో మాట్లాడటం మానేశాను. ఇదంతా కథగా రాస్తే ఒక సంపాదకుడు ఆ పేజీలు కొట్టేశాడు. పాఠకులకు పిల్ల మీద జాలి పోతుందట. జాలి పోవాలనే రాశానని చెప్పి కథ వెనక్కి తీసుకున్నాను. ఇప్పటికీ పత్రికలకు కన్నీళ్లు తెప్పించే పిల్లలే కావాలి. పెత్తనం రుచి మరిగిన పిల్ల, విసిగిపోయి తమ్ముడి వీపు మీద ఒకటి వేసే పిల్ల పనికిరాదు. ఆ పిల్లనే రాయమంటాను నేను.

చివర్లో తల్లి కోలుకుని 'ఇక ఆడుకో' అనగానే పిల్ల గంతులేస్తూ వెళ్లిపోయింది. నేను నమ్మలేదు. తల్లి మాత్ర వేసుకుందో లేదో చూడకుండా ఆమె గడప దాటదు. ఆటలో కూడా తమ్ముడు పడిపోతాడేమోనని కాపలా కాస్తుంది. చెప్పకుండా ఎవరైనా అన్నం వండితే తన చోటు పోయినట్టు గింజుకుంటుంది. తల్లి లేచిన మర్నాటి నుంచి కథ మొదలుపెట్టు. ముందు జరిగినదంతా దానంతట అదే తెలుస్తుంది.

పోటీల గురించి, కలం పేరు గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ తమ్ముడి చేత మాట్లాడించు. కథంతా ఉన్నాడు, ఒక్కసారీ నోరు విప్పలేదు. తనను పెంచిన అక్క మీద వాడికి కోపం ఉండే ఉంటుంది. ఆ కోపం ఎందుకో రాసి పంపు.

ఆశీస్సులతో.