పెద్ద పుంజునే ఉంచుతున్నా పిల్లల బరువు పెరగడం లేదు

ప్రశ్న: మా దగ్గర 40 నాటు పెట్టలు, 4 పుంజులు ఉన్నాయి. నాలుగేళ్లుగా మందలో పెద్దగా కనిపించిన పుంజునే జతకు ఉంచుతున్నాను. అయినా పిల్లలు అయిదు నెలలకు కిలో దాటడం లేదు. వనరాజా పుంజును వదిలితే సైజు పెరుగుతుందా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రాయలేదు గానీ, చాలా పెరళ్లలో జరిగేదే మీ దగ్గరా జరుగుతుండాలి. సంక్రాంతి ముందు బేరగాడు వచ్చి, త్వరగా బరువెక్కిన పుంజుల్ని ఏరుకుపోతాడు. కిలోల లెక్కన డబ్బు వస్తుంది కాబట్టి మనమూ కాదనం. ఎదుగుదలలో వెనకబడ్డవి ఇంట్లో మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి అవీ పెద్దవైపోతాయి. మీరు ఉంచుతున్న పుంజు అలాంటిదే అయితే, అది వయసులో పెద్దదే తప్ప ఎదుగుదలలో కాదు.

అందుకే ఒకే వారంలో పుట్టిన పిల్లల్నే ఒకదానితో ఒకటి పోల్చాలి. వారం పది రోజుల గుడ్లు చల్లటి చోట దాచి, అయిదారు పొదుగు పెట్టల కింద ఒకే రోజు పెట్టండి. పిల్లల కాళ్లకు రంగు రింగులు వేయండి. కాలు లావెక్కే కొద్దీ రింగు మార్చాలి, లేదంటే బిగుసుకుని పుండు పడుతుంది. అన్నిటికీ ఒకే మేత వేసి, 16వ వారంలో ఉదయం మేతకు ముందే తూకం వేయండి. పుంజుల్ని పుంజులతో, పెట్టల్ని పెట్టలతో పోల్చండి. ముందు మీకు కావలసినవి పక్కన పెట్టుకున్నాకే బేరగాడిని పిలవండి. అసలు కష్టం ఇక్కడే. మంచి ధర పలికే పుంజును ఆపుకోవడానికి ఎవరికైనా చెయ్యి రాదు.

ఎంత పెరుగుతుందో ఒక లెక్క చూద్దాం. ఆ వయసుకు పుంజుల సగటు 800 గ్రాములు, మీరు ఉంచుకున్నవి 1100 అనుకోండి. పెట్టల సగటు 650, మీరు ఉంచుకున్నవి 750. రెండు వైపులా కలిపి సగటు తేడా 200 గ్రాములు. అందులో పిల్లలకు దిగేది దాదాపు మూడో వంతే, అంటే 60–70 గ్రాములు. మిగతాది మేత వల్లో పెంపకం వల్లో వచ్చిన బరువు, అది పిల్లలకు రాదు. తరానికి ఇంతే, నాటుకోళ్లలో తరమంటే దాదాపు ఏడాది. పెట్టల్ని ఏరకుండా పుంజునే నమ్ముకుంటే ఇదీ తగ్గుతుంది.

ఇక వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన సంకర రకం ఇది. నాటు పెట్టల మీద ఆ పుంజును వదిలితే మొదటి తరం పిల్లలు బాగానే బరువొస్తాయి. మాంసానికి అమ్ముకోవడానికైతే మంచిదే. వాటినే మళ్లీ జత కట్టిస్తే మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా దిగుతాయి, పొదిగే గుణమూ తగ్గుతుంది. ఇంక్యుబేటర్ లేని ఇంట్లో అది చిన్న నష్టం కాదు. నేనైతే సంకరం పిల్లల్ని అన్నిటినీ అమ్మేసి, నాటు మందను విడిగా ఉంచుతాను. పందెం కోళ్ల జాతి అయిన అసిల్ పుంజు 3–4 కిలోలు తూగుతుంది, కానీ ఎదుగుదల నెమ్మది, వాటి పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి. అసలు బరువు కోసమే ఏరుతూ పోతే ఏ కోడికైనా గుడ్లు తగ్గుతాయి. కాబట్టి బరువైన పెట్టల్లోనూ గుడ్లు బాగా పెట్టి, పిల్లల్ని దక్కించుకునే వాటినే ఉంచండి.

ఒకే పుంజు సంతానాన్ని తమలో తాము జత కట్టనిస్తే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నీరసంగా ఉంటాయి. మందను నాలుగు గుంపులు చేసి గుంపుకు పది పెట్టలు, ఒక పుంజు ఉంచండి. ప్రతి గుంపులో పుట్టిన పెట్టలు అందులోనే ఉండాలి, పుంజులు పక్క గుంపుకు వెళ్లాలి. రెండు మూడేళ్లకోసారి వేరే ఊరి నుంచి పుంజును తెచ్చుకోండి. దాన్ని మూడు నాలుగు వారాలు మందకు దూరంగా ఉంచి, కొక్కెర తెగులు టీకా సంగతి మీ పశువైద్యుడితో మాట్లాడాకే కలపండి.