ప్రేమ సంగతి తర్వాత, ముందు అడ్డు సంగతి చూడు

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలు అందాయి. ఒకసారి ఆత్రంగా చదివాను, తర్వాత పెన్సిలు పట్టుకుని నిమ్మళంగా చదివాను. చెయ్యి బాగుంది నీది. బరంపురంలో ఒడియా బడిలో చదువుకున్న పిల్ల ఇంత తేట తెలుగు రాస్తుంటే మీ నాన్న గొప్పలు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. మధ్యమధ్య ఒడియా మాటలు పడ్డాయేమో అని భయపడుతూ రాశావు. పడనీ. మన వీధుల్లో మనుషులు అలాగే మాట్లాడతారు. నేను పెన్సిలు గీతలు పెట్టింది వాటికింద కాదు.

"చారిత్రక ప్రేమకథకి ప్రేరణ ఎక్కడ్నించి వస్తుందత్తా" అని అడిగావు. రాజభవనం చూస్తే వస్తుందనుకుంటారు చాలామంది. మన ఊరి బృందావన ప్యాలెస్ ముందు నిలబడి ఫొటో దిగి ఇంటికెళ్ళి నవల మొదలెట్టిన వాళ్ళని చూశాను. రెండో అధ్యాయంలో ఆగిపోతారు. మేడ చూస్తే మేడే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. నాకు ఎప్పుడూ కథ దొరికింది, ప్రేమ గురించి ఒక్క ముక్క కూడా చెప్పని కాగితాల్లోనూ రాళ్ళమీదానూ.

గజపతుల ఆడపడుచు మీద నేను రాసిన నవల సంగతి నీకు తెలుసు కదా. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, మరుసటేడు కొండవీడు పట్టుకుని ఉత్తరానికి వచ్చాడు. 1516లో సింహాచలం అప్పన్నకి కానుకలిచ్చి శాసనం వేయించాడు. తర్వాత గజపతి రాజు ప్రతాపరుద్రుడితో సంధి, ఆయన కూతురితో పెళ్ళి. శాసనంలో నగల లెక్క ఉంది. మరి ఆ పిల్ల? ఆమె పేరేమిటంటే ఒకరు జగన్మోహిని అంటారు, ఒకరు తుక్కాదేవి అంటారు, ఇంకొకరు అన్నపూర్ణ అంటారు. రాయలు ఆమెని దూరం పెట్టాడనీ, ఆ బాధలో చెప్పుకున్నదనీ అయిదు సంస్కృత శ్లోకాలు ఆమె పేరుమీద చలామణీలో ఉన్నాయి. గుడికిచ్చిన నగకి లెక్క ఉండి, పెళ్ళికూతురి పేరుకి లెక్క లేకపోవడం ఏమిటి? ఆ ఒళ్ళుమంటలోంచి పుట్టింది ఆ నవల. ప్రేరణ అంటే నాకు అదే. ఏదో ఒకచోట చరిత్ర నోరు మూసుకుంటుంది, నీకు ఊరుకోబుద్ధి కాదు.

ఇక నీ కథకొద్దాం. 1900వ సంవత్సరం. మన రాజావారు గౌరచంద్ర గజపతి నౌపడా నుంచి మన ఊరికి రెండున్నర అడుగుల పట్టాలమీద చిన్నరైలు వేయించిన కాలం. తెలుగు కుర్రాడు స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా. పిల్ల ఒడియా బ్రాహ్మణుల అమ్మాయి, పందొమ్మిదేళ్ళది, పెళ్ళి కాలేదు. ఎంపిక బాగుంది. రైలుని పట్టుకోవడం మరీ బాగుంది. కానీ నీ మనుషులిద్దరూ ఒకరినొకరు చూసుకోగానే ప్రేమించేసుకున్నారు, వాళ్ళమధ్య నాన్న కోపం తప్ప ఇంకేమీ లేదు. నాన్న కోపం ఏ కాలంలోనైనా ఉంటుంది తల్లీ. ఆ మాత్రం దానికి నూరేళ్ళు పైగా వెనక్కి పోవడమెందుకు, నేటి బరంపురంలోనే రాసుకోవచ్చు. చారిత్రక ప్రేమకథలో ప్రేమని నువ్వు వేరే పనిగట్టుకుని రాయక్కర్లేదు. ఆ కాలం వాళ్ళకి వేసిన అడ్డేమిటో సరిగ్గా రాస్తే చాలు, ప్రేమ దానంతటదే కనిపిస్తుంది. నా పద్ధతి అంతా ఇంతే.

ముందు ఆ పందొమ్మిదేళ్ళ సంగతి చూడు. ఆడపిల్ల పెళ్ళికి కనీసం పధ్నాలుగేళ్ళు ఉండాలని శారదా చట్టం వచ్చింది 1929లో, అమలైంది 1930లో. అంటే దానికి ముప్పై ఏళ్ళ ముందు బ్రాహ్మణ ఇంట్లో పందొమ్మిదేళ్ళ పిల్ల పెళ్ళి కాకుండా ఎలా ఉంది? ఉండదు. పెళ్ళై, మొగుడు పోయి, పుట్టింటికి తిరిగొచ్చి ఉంటుంది. నువ్వు ఆమెని కన్యగా ఉంచాలని తాపత్రయపడి కథకి ప్రాణం లేకుండా చేశావు. వితంతువుని చెయ్యి. వితంతు వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లో మొదటి పెళ్ళి చేయించారు. చట్టం ఒప్పుకుని నలభై నాలుగేళ్ళయినా వీధి ఒప్పుకోలేదు. నీ కుర్రాడు రాజమండ్రి సంగతి పేపర్లో చదివి ఉంటాడు. పిల్ల విని కూడా ఉండదు. అతనికి దారి ఉందని తెలుసు, ఆమెకి దారి అనేదే తెలీదు. చూశావా, ఇద్దరూ ఇంకా ఒక్క మాట మాట్లాడుకోలేదు, కథ అప్పుడే మొదలైపోయింది.

ఇప్పుడు నీ రెండో అధ్యాయంలోని కొమ్ము దువ్వెన తీసుకో. మన ఊరి కొమ్ము పనివాళ్ళ చేతి దువ్వెన అతను ఆమెకి కానుక ఇచ్చినట్టు రాశావు. ఆమె సిగ్గుపడి తలలో పెట్టుకుంది, అయిపోయింది. ఆమె వితంతువైతే ఆ దువ్వెన ఏమవుతుందో ఆలోచించు. పూలు లేవు, కాటుక లేదు, అలాంటి మనిషికి దువ్వెన ఇచ్చాడు. అతను తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా? ఆమెకి కోపం రావాలా, ఏడుపు రావాలా? తీసుకుందే అనుకో, ఎక్కడ దాస్తుంది? ఉమ్మడి ఇంట్లో ఆడదానికి తాళం వేసుకునే పెట్టె ఎక్కడిది? బియ్యం డబ్బాలో పెడితే వదిన చెయ్యి తగులుతుంది, చూరులో దోపితే పిల్లలు లాగుతారు. ఆ దువ్వెన ఆ ఇంట్లో చోటు మారుతూ తిరగడమే ఒక అధ్యాయం. అందులో "ప్రేమ" అన్న మాట ఒక్కసారి కూడా రాయకు.

అలాగే ఉత్తరాలు. వాళ్ళిద్దరి చేతా తెగ ఉత్తరాలు రాయించావు. పావు అణా పెడితే పోస్టుకార్డు వచ్చేది నిజమే, కానీ కార్డు పోస్టుమాను చదువుతాడు, వీధి అరుగుమీద ముసలాయన చదువుతాడు, చదువు రాని ఇంటికైతే వాళ్ళే చదివి వినిపిస్తారు కూడా. కవరు వస్తే అసలే అనుమానం. పైగా ఆమెకి చదువు ఎవరు చెప్పారు? చెబితే ఒడియా అక్షరాలు చెప్పి ఉంటారు. అతనికి తెలుగు, ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు. మాట్లాడితే ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది, రాస్తే తెలీదు. మన సరిహద్దులో ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో ఇదే పరిస్థితి, నీకు వేరే చెప్పాలా. ఉత్తరాలన్నీ తీసెయ్యి.

వాళ్ళు కలుసుకోవడానికి రైలు టైము వాడుకున్నావు. సాయంత్రం బండి వచ్చే వేళకి ఆమె చెరువుకి నీళ్ళకొస్తుంది, అతను అటు వస్తాడు. ఇక్కడ నీకు బంగారంలాంటి సంగతి ఒకటి చేజారిపోయింది. 1905-06లో దేశమంతటికీ ఒకే టైము పెట్టేదాకా మన రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. మన ఊరు మద్రాసుకి తూర్పున ఉంది. ఇక్కడి పొద్దుకీ మద్రాసు గడియారానికీ దాదాపు పావుగంట తేడా. స్టేషన్లో గోడ గడియారం ఆరు కొట్టేసరికి ఇక్కడి పొద్దు ఆరుంపావుకి చేరింది. ఆమె పొద్దుని చూసి వస్తుంది, గుళ్ళో గంట విని వస్తుంది. అతను గోడ గడియారం చూసి కదులుతాడు. ఆమె వచ్చి బిందె నింపుకుని, కాసేపు తచ్చాడి, ఎవరైనా చూస్తారని వెళ్ళిపోయింది. అతను పరిగెత్తుకొచ్చేసరికి గట్టుమీద తడి ఉంది, మనిషి లేదు. రోజూ ఇంతే. ఇద్దరూ మాట తప్పలేదు, ఇద్దరికీ అవతలివాళ్ళు మాట తప్పారని అనుమానం. ఎవరో ఒకరు రెండో టైము కూడా లెక్కలోకి తీసుకోవడం నేర్చుకోవాలి. నన్నడిగితే ఆమే ముందు కనిపెట్టాలి. బండి కూత ఎప్పుడు వినిపిస్తోందో, అప్పటికి నీడ ఎంత సాగుతోందో చూసుకుని, తనే ఆలస్యంగా రావడం మొదలెడుతుంది. ఆ రోజు అతనికి అర్థమవుతుంది, ఈ పిల్ల తనకన్నా తెలివైనదని. ప్రేమలో పడాల్సింది అప్పుడు, మొదటి చూపులో కాదు.

పెన్సిలు గీతలు ఎక్కువగా ఎక్కడ పడ్డాయంటే, కుర్రాడు "సరిహద్దు దాటి పాతపట్నం వెళ్ళాడు" అన్న చోట. 1900లో సరిహద్దేదమ్మా? ఇటు మనమూ, అటు పాతపట్నమూ, అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాయే. మహేంద్రతనయ దాటితే ఏరు దాటినట్టు, అంతే. గీత పడింది 1936 ఏప్రిల్ 1న, ఒడిశా విడిగా ఏర్పడి మన ఊరు అందులో కలిసినప్పుడు. మనకి పుట్టినప్పట్నుంచీ ఆ గీత ఉంది కనక ఎప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుంది. అయినా నీ కథలో గీతలు లేకపోలేదు, ఇళ్ళమధ్య ఉన్నాయి. పక్కింటి తెలుగుపిల్ల మేనబావని ఆటపట్టిస్తుంటే నీ నాయిక గుడ్లు తేలేసి చూడాలి. వాళ్ళలో మేనమామ కొడుకంటే అన్నగారి లెక్క. మనకి ఉగాది కొత్త సంవత్సరం, వాళ్ళకి పణా సంక్రాంతి. ఇలాంటివి ఒకటి రెండు చాలు, పండగల జాబితా రాయకు.

కథని 1936కి మార్చమంటావా అని కూడా అడిగావు. వద్దు. ఆ ఏడు పెట్టుకుంటే కమిటీలూ, అర్జీలూ, సభలూ వచ్చి నవలంతా కూచుంటాయి. నీ పిల్లకి చోటుండదు.

గిడుగు రామమూర్తి గారిని తెచ్చావు. ఆయన 1900లో మన ఊళ్ళోనే ఉన్నారు, రాజావారి స్కూల్లో పాఠాలు చెబుతూ, సవర భాష నేర్చుకుంటూ, ముఖలింగం శాసనాలు తనంతట తాను చదవడం పట్టుకుని. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక 1936లో ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయిన మనిషి. ఆయన్ని తీసుకురావడం నాకు ఇష్టమే. కానీ ఆయన చేత ప్రేమికులకి సలహాలు చెప్పించావు చూడు, అక్కడ నాకు నవ్వాగలేదు. నిజంగా బతికిన పెద్దవాళ్ళ నోట మనం కల్పించిన మాట పెట్టకూడదనేది నా నియమం. వీధిలో వెళ్తూ కనిపించనీ, కూడా ఒక సవర కుర్రాడు నడుస్తూ ఉండనీ, అంతే. రాజావారు కూడా అంతే. ఆయన బగ్గీ లేపిన దుమ్ము కనిపిస్తే చాలు.

పరిశోధన ఎంత చెయ్యాలంటావు. మాల్ట్‌బీ రాసిన గంజాం జిల్లా మాన్యువల్, 1882ది, తప్పకుండా చదువు. థర్స్టన్ కులాలమీద 1909లో వేసిన సంపుటాలు కూడా చూడు. అయితే దొరలు మనల్ని వరండాలో కుర్చీ వేసుకుని చూశారని గుర్తుంచుకో, వంటింట్లోకి వాళ్ళు రాలేదు. వంటింటి సంగతి ముసలాళ్ళని అడగాలి. పాత ఇళ్ళలో అటకమీద కరణాల లెక్కలూ, ప్రోనోట్లూ, పెళ్ళి ఖర్చుల పద్దులూ ఉంటాయి. పెళ్ళి పద్దు దొరికితే వదలకు. ఎవరికి ఎంత ఖరీదు చీర పెట్టారో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుంది. రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు అన్న లెక్క నోటికి రావాలి. నయాపైసలు 1957లో వచ్చాయి. నీ గుమాస్తా "యాభై పైసలు" చిల్లర ఇచ్చాడు, దిద్దుకో. పిల్ల వాళ్ళింట్లో టీ కాచారు, అది కూడా తీసెయ్యి. నేను గజపతుల నవల రాసేటప్పుడు వాళ్ళ రాజధాని కటకం వంటశాలలో మిరపకాయ పడకుండా ఎంత కాపలా కాశానో నాకే తెలుసు. బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్ళు, తెచ్చిన కాయ అది, అప్పటికి ఇక్కడి వంటల్లో ఎక్కడిది. అన్నిట్లో మిరియాలే దంచాను.

కానీ అంతా తెలిశాకే రాస్తానని కూర్చోకు. తెలియని చోట ఖాళీ వదిలి పక్కన సున్నా చుట్టి ముందుకి పో. దృశ్యం నిలబడ్డాక సున్నాలు పూరించుకోవచ్చు. చాలా సున్నాలు అసలు అక్కర్లేదనీ అప్పుడే తెలుస్తుంది. పుస్తకం వెనక పేజీల్లో ఏది దొరికిన సంగతి, ఏది నీ కల్పన అని విడిగా రాసి ఉంచుకో. రెండేళ్ళు పోయాక నీకే తేడా తెలియదు, ఎవరో ఒకరు నీ కల్పనని చరిత్ర అని చెప్పుకుంటారు.

ముద్దూ ముచ్చటా రాయాలా వద్దా అని మొహమాటంగా అడిగావు. రాయి. నేనేమీ మడికట్టుకు కూర్చోలేదు. అయితే ఎక్కడ అన్నది ముందు తేల్చుకో. గదులు లేని ఇళ్ళు, దీపం ఆర్పినా పక్కన నలుగురు పడుకునే నడవలు. టిక్కెట్ల కిటికీ దగ్గర ఆమె తండ్రితో వచ్చి నిలబడినప్పుడు, అతను దళసరి అట్ట టిక్కెట్టుమీద తేదీ గుద్ది, చిల్లర లెక్కపెట్టి కిటికీలోంచి తోస్తాడు. తండ్రి చెయ్యి చాచేలోపు ఆమె చెయ్యి వస్తుంది. ఆ వేళ్ళు ఎంతసేపు అక్కడ ఉన్నాయో నువ్వు రాయగలిగితే, పాఠకులు నిన్ను ఇంకేమీ అడగరు.

చివర్న ఇద్దరూ రైలెక్కి మద్రాసు పారిపోతారని సూచన రాశావు. టిక్కెట్లు అమ్మేది అతనే, కొనేదెవరు? స్టేషను మాస్టరు, పాయింట్స్‌మను, బండి గార్డు అందరూ అతన్ని ఎరిగినవాళ్ళే, ఆమె తండ్రినీ ఎరిగినవాళ్ళే. నౌపడా చేరేలోపే కబురు చేరుతుంది. పారిపోనివ్వు, కాదనను, కానీ రైల్లో కాదు. వాళ్ళని కలిపిన బండే వాళ్ళకి పనికిరాకపోవడం నీ నవలకి పెద్ద బలం. నడిచి పోతారా, ఎడ్లబండిలో పోతారా, అసలు ఒకరే పోతారా, అది నీ ఇష్టం. నేను చెప్పను.

తిరగరాసినవి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు. బరంపురం నుంచి ఇటు ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికియ్యి. కిందటిసారి కొరియర్లో వచ్చినది వానకి తడిసి నాలుగో అధ్యాయం సగం అట్టకట్టుకుపోయింది. ఆ సగంలో ఏముందో మళ్ళీ పంపు.

నీ అత్త