మూడున్నరకే చీకటి పడే ఊళ్లో

ఈ ఉత్తరాది చలిదేశంలో మధ్యాహ్నం మూడు దాటితే చీకటి ముసురుకుంటోందనీ, గదిలో కూర్చోబుద్ధి కావడం లేదనీ రాశావు. వచ్చి మూడు నెలలు కాలేదు తమ్ముడూ, ఇంకా ఏం చూశావు! ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకూ వెనక్కూ మార్చే తేదీలు నీ ఫోనే చెబుతుంది, వాటి జోలికి పోను. నేను పడ్డ పాట్లు చెబుతాను.

అద్దె తక్కువని ఉత్తరపు కిటికీ ఉన్న గది తీసుకున్నాను. ఎండ రాకపోతే హాయి అనుకునే బుర్ర కదా అప్పటికి! సెప్టెంబరు చివర మొదలుకొని మార్చి చివరి దాకా అందులోకి ఒక్క కిరణం రాలేదు.

చలికాలంలో భూమి సూర్యుడికి దూరంగా పోతుందని పక్కవాటా పెద్దాయనతో వాదించాను కూడా. ఆయన నవ్వాడు. భూమి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనట, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో 15.2 కోట్లు. నా ఇంజినీరింగు పట్టా పరువు పోయింది.

ఆయన రబ్బరు బంతికి అల్లిక సూది గుచ్చి, కాస్త వాల్చి, బల్లదీపం ముందు తిప్పాడు. మేమున్న 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర సిరా చుక్క పెట్టాడు. ఒక చుట్టు తిరిగితే ఒక పగలూ ఒక రాత్రీ. సూది పైకొన దీపానికి ఎడంగా వాలినప్పుడు చుక్క ఇలా వెలుగులోకి వచ్చి అలా నీడలోకి జారుకుంది. వాలు మార్చకుండా బంతిని దీపానికి అవతలి పక్కకు తీసుకెళ్లాడు. ఇప్పుడు చుక్క వెలుగును ఒక పట్టాన వదలదు! డిసెంబరులో ఏడు గంటల పగలు, జూన్‌లో పదిహేడున్నర. అంతా ఆ 23.4 డిగ్రీల వాలు చేసే పని. పైగా డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పదకొండు డిగ్రీల ఎత్తు ఎక్కడు. ఆ ఏటవాలు వెలుగు అయిదింతల నేల మీద పలచగా పరుచుకుంటే ఇక వెచ్చదనం ఎక్కడిది? దక్షిణార్ధగోళానికి వెళ్లినవాళ్లకు నెలలు తారుమారు, అంతే.

ఇవన్నీ తట్టుకోవచ్చు. ఒంటరితనమే మనిషిని తినేస్తుంది. సాయంత్రం ఆరుకు గదికి చేరి ఇంటికి ఫోను చేసేవాడిని. అక్కడ ఇండియాలో రాత్రి పదకొండున్నర. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనక తూర్పువాళ్లకు ముందే పొద్దుపోతుందని బడిలో చదివాను. అమ్మ నిద్రమత్తులో "ఏమైంది నాన్నా?" అని కంగారుపడ్డాక గానీ ఆ పాఠం వంటబట్టలేదు. ఆమెను లేపడం ఇష్టంలేక ఫోను చేయడమే మానేశాను. నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది అదే. శుక్రవారం సాయంత్రం మూసిన నోరు సోమవారం ఆఫీసులో తెరిచేవాడిని.

నువ్వు పొద్దున ఎనిమిదికి, తెల్లవారక ముందే చెయ్యి. వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నర, తీరిగ్గా మాట్లాడతారు. పన్నెండింటికి ఎవరినైనా వెంటబెట్టుకుని పావుగంట బయట నడువు. జనవరి చివరికల్లా పగలు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున పెరుగుతుంది, నీకే తెలుస్తుంది.

ఆ బంతి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, దక్షిణపు కిటికీలో. ఆదివారం పదకొండుకు రా, తిప్పి చూపిస్తాను. మూడు దాటాక వస్తే మాత్రం నేను దుప్పట్లో ఉంటాను.