తీసినా తిరిగొచ్చే షార్ట్‌కట్ వైరస్

ప్రశ్న: మా అబ్బాయి హాల్‌టికెట్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాడు. అప్పటి నుంచి అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. ఫార్మాట్ చేసినా, మా కంప్యూటర్‌కి పెట్టగానే మళ్లీ అదే తంతు. పదేళ్ల ఫొటోలున్న ఇంకో పెన్‌డ్రైవ్ పెడితే దానికీ అంటుకుంది. విండోస్ 10 వాడుతున్నాం. కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ కొట్టాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఫొటోల పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఫార్మాట్ చేయకండి. ఈ రకం వైరస్ మామూలుగా ఫోల్డర్లను చెరపదండీ, దాచేస్తుంది. దాచిన ఫోల్డర్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు ఫోల్డరే అనుకుని డబుల్ క్లిక్ చేస్తే ఫొటోలూ తెరుచుకుంటాయి, వెనకాల ఒక చిన్న స్క్రిప్ట్ (వైరస్ ఆదేశాలున్న ఫైల్) కూడా నడుస్తుంది, తేడా ఏమీ తెలియదు. ఆ స్క్రిప్ట్ కంప్యూటర్‌లోకి కాపీ అయి, స్టార్టప్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే నడిచేవాటి జాబితాలో, చేరి కూర్చుంటుంది. ఇక అక్కడి నుంచి ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పెన్‌డ్రైవ్‌ను ఎన్నిసార్లు కడిగినా లాభం లేనిది అందుకే, ముందు కంప్యూటర్ బాగుపడాలి.

పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేసి, తెరిచినవన్నీ సేవ్ చేసుకుని, స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతకండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ముందు అప్‌డేట్ చేయండి, తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో క్విక్, ఫుల్ అన్నవి వదిలేసి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, అంటే వైరస్ ఇంకా నిద్రలో ఉండగానే పట్టుకుంటుందన్నమాట. దాదాపు పావుగంట పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. మొండి వైరస్‌కి నేను మొదట చేసేది ఇదే, రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి తప్ప పని జరగదు.

మళ్లీ ఆన్ అయ్యాక స్క్రిప్ట్ ఫైల్ దొరకడం లేదని ఒక చిన్న బాక్స్ రావచ్చు. మా ఇంట్లోనూ వచ్చింది, వైరస్ పోలేదేమోనని నేనూ కంగారుపడ్డాను. నిజానికి దొంగ దొరికాడు, వాణ్ని పిలిచే పిలుపు ఒక్కటే స్టార్టప్‌లో మిగిలింది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి, స్క్రిప్ట్ హోస్ట్ అని గానీ, మీరెప్పుడూ వేయని పేరుతో గానీ ఉన్నదాన్ని డిసేబుల్ చేయండి. అయినా వస్తుంటే, పనులను వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో చూడండి, ఇది చాలామంది మర్చిపోయే చోటు.

ఇక ఫొటోలు. పెన్‌డ్రైవ్ పెట్టి, దానిమీద రైట్ క్లిక్ చేసి ముందు స్కాన్ చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, ఆప్షన్స్‌లోకి వెళ్లి హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచమనే చోట టిక్ తీసేయండి. మసకగా కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి, అవే మీవి. బాణం గుర్తు ఉన్న వాటి జోలికి వెళ్లొద్దు. మసక ఫోల్డర్ తెరిచి లోపలి ఫొటోలను మాత్రమే కంప్యూటర్‌లో ఒక కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, నాలుగైదు తెరిచి చూసుకోండి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ ఫార్మాట్. టిక్ మళ్లీ పెట్టేయడం మర్చిపోకండి.

ఆ కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేసి ఉంటే, పాస్‌వర్డ్ ఈ రోజే ఫోన్‌లోంచి మార్చండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, మీ కంప్యూటర్‌కి విండోస్ 11 పనిచేస్తుందంటే దానికి మారండి.

ఒకవేళ ఫొటోల పేర్ల చివర ఏవో వింత అక్షరాలు చేరి, డబ్బు కట్టమనే ఫైల్ ఒకటి కనిపిస్తే అది ర్యాన్సమ్‌వేర్, పైన చెప్పిందేదీ దానికి పనికిరాదు. అప్పుడు ఏదీ డిలీట్ చేయకుండా, డబ్బు కట్టకుండా, ఆ అక్షరాలేమిటో నాకు రాయండి.